ఆల్బెండజోల్ పట్టడం లేదు, గొర్రెల నట్టలకు వేప, మోదుగ గింజలు నమ్ముకోవచ్చా?

దేవరకొండ మంద:

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా దేవరకొండ దగ్గర ఊరు. 42 గొర్రెలు, 5 మేకలు ఉన్నాయి. నాన్నకు మోకాళ్లు పట్టేసి మంద వెంట తిరగలేక నాకు అప్పజెప్పి రెండేళ్లయింది.

వానలు మొదలైనప్పటి నుంచి నట్టల బాధ, అదే కడుపులో పురుగుల బాధ, తగ్గట్లేదు. జూన్‌లో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి మందకంతా ఆల్బెండజోల్ తాపాను. రెండోసారి తాపిన ఇరవై రోజులకే మూడు గొర్రెలకు దవడ కింద సంచిలాగా నీరు దిగింది. పొద్దున దొడ్డిలో చూస్తే తక్కువగా ఉంటుంది, రోజంతా తల వంచి మేసి వచ్చేసరికి సాయంత్రానికి మళ్లీ వేలాడుతుంది. వాటిలో ఒకటి నిన్న చచ్చిపోయింది. పారుడు (విరేచనాలు) లేదు, దగ్గు లేదు, ముందు రోజు కూడా మేసింది.

పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన ఈ మందులు మానేయమన్నారు. వేపాకు, మోదుగ గింజలు, వాయువిడంగాలు నూరి బెల్లంతో కలిపి మూడు రోజులు తాపాలట, దొరికితే గాడిదగడపాకు కూడా వేయాలట. మందులకు ఇప్పటికే చాలా ఖర్చయింది, అందుకే మనసు అటే లాగుతోంది. కానీ మందలో ఆరు చూడి గొర్రెలున్నాయి, భయంగానూ ఉంది. ఎవరైనా చేసి చూసినవాళ్లు చెప్పండి. పుస్తకాల్లో ఉన్నది కాదు, మీ మందలో జరిగింది చెప్పండి.

గొంగడి:

తమ్ముడూ, ధైర్యంగా తాపు. మా నాయన బర్రె దూడలకు మోదుగ గింజల పొడి మజ్జిగలో కలిపి పట్టేవాడు. దూడ పేడలో తెల్లటి ఏలికపాములు జానెడు పొడుగువి పడడం నేను కళ్లారా చూశాను. ఈ ఇంగ్లీష్ మందులు వచ్చాకే జీవాలకు లేని రోగాలు వచ్చాయి. అంతకుముందు మందలు లేవా?

కనిగిరి జోడిపి:

తమ్ముడూ, మిగతాది తర్వాత చదువు గానీ, దవడ వాపు ఉన్న ఆ రెండింటినీ ఈరోజే పశువుల డాక్టరుకు చూపించు. తీసుకెళ్లే వీలు లేకపోతే పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చెయ్యి. వాటికి చెట్టు మందు వేసి మూడు రోజులు చూసేంత టైమ్ లేదు. ఆ మూడు రోజులు నేను చూశాను కాబట్టి చెబుతున్నా.

మాది కనిగిరి వైపు. నెల్లూరు జోడిపి గొర్రెలు, మొత్తం అరవై దాకా ఉండేవి. నాలుగేళ్ల కింద నాకూ నీలాగే జరిగింది. ఆల్బెండజోల్ తాపినా తాపనట్టే ఉంటే విసుగొచ్చి, వేపాకు, కుప్పింటాకు, వాము, మిరియాలు కలిపి కషాయం కాచి, వెదురు గొట్టంతో తలా గిద్దెడు పట్టాను. మొదటి వారం మేత బాగా తిన్నాయి. బొచ్చు నిగనిగలాడుతోందని మా ఆయనతో కూడా అన్నాను. బాగుపడాలని అంత ఆశపడ్డాను కాబట్టి నా కంటికి అలాగే కనిపించింది. కార్తీక మాసం వచ్చేసరికి పదకొండు పోయాయి. అందులో నాలుగు మొదటి ఈత గొర్రెలు.

పదకొండో దాన్ని డాక్టరు గారు మా కల్లంలోనే కోసి చూపించారు. నాలుగో పొట్ట తెరిచారు. లోపలి గోడంతా సన్నటి వెంట్రుకల్లాంటి పురుగులు, అంగుళం లోపు పొడవు. దగ్గర పెట్టుకుని చూస్తే ఒక్కొక్కటి ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనినట్టు ఉంది. ఇంకా కదులుతున్నాయి. పొట్టలో ఉన్న నీరు కాఫీ డికాషన్ రంగులో ఉంది. ఆ ఎరుపు మా గొర్రె రక్తమే. హీమాంకస్ అన్నారు ఆయన. ఒక్కో పురుగు రోజుకు 0.05 మిల్లీలీటరు రక్తం తీస్తుందట. లెక్కేసుకో, వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తం రెండు లీటర్లు. ఆడపురుగు ఒక్కటే రోజుకు ఐదు వేల గుడ్లు, ఇంకా ఎక్కువ కూడా పెడుతుంది.

నీ గొర్రెకు పారుడు లేదన్నావు. ఈ పురుగుకు పారుడు ఉండకపోవడమే మామూలు. మనం పారుడు కోసం చూస్తూ కూర్చుంటాం, అది లోపల రక్తం తాగేస్తూ ఉంటుంది. రక్తం పల్చబడి దవడ కిందికి నీరు దిగిందంటే అప్పటికే చాలా ఆలస్యమైనట్టు.

గొంగడి బాబాయ్ గారూ, మీరు చూసింది అబద్ధమని నేను అనను. దూడకు వచ్చే ఏలికపాము వేరు, పేగులో ఉంటుంది, తల్లి పాల నుంచే దూడకు వస్తుంది. గొర్రెకు రక్తం తాగేది వేరు. మోదుగ గింజలు గొర్రెల్లో గుడ్లు తగ్గించినట్టు ప్రయోగాల్లో కనిపించిందని డాక్టరు గారూ చెప్పారు. కానీ చెట్టుకూ చెట్టుకూ గింజలో బలం ఒకేలా ఉండదు, ఎంత వేస్తే మందు, ఎంత వేస్తే విషం అన్నది తూకం కట్టి చెప్పేవాళ్లు లేరు. చావుకు దగ్గరైన జీవం మీద ఆ పరీక్ష పెట్టకూడదు అంటున్నా, అంతే.

ఇప్పుడు నేను చేసేది చెబుతా. వానాకాలంలో రెండు వారాలకోసారి ప్రతి గొర్రె కన్ను చూస్తాను. ఎండలో నిలబెట్టి, పై రెప్ప మీద బొటనవేలితో మెల్లగా నొక్కి, ఇంకో చేత్తో కింది రెప్పను కిందికి లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. ఒక్క క్షణమే చూడాలి, ఎక్కువసేపు లాగి ఉంచితే మంచి గొర్రెకూ ఎర్రబడిపోతుంది. పొర దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటే వదిలేస్తా. పాలిపోయి తెల్లగా ఉంటే ఆ రోజే మందు. మధ్యరకం వాటికి చెవికి రంగు దారం కట్టి వారంలో మళ్లీ చూస్తా. దక్షిణాఫ్రికా వాళ్లు దీనికోసం ఐదు రంగుల కార్డు చేశారు, ఫమాచా అంటారు. మా డాక్టరు గారి దగ్గర ఉంది, దాంతోనే నేర్చుకున్నా. ఒక్క మాట, ఇది రక్తం తాగే పురుగుకే పనికొస్తుంది. మిగతా పురుగులున్నా కన్ను ఎర్రగానే ఉండొచ్చు.

మందకంతా ఒకేసారి మందు తాపడం మానేశాను. అందరం అదే చేస్తాం, నట్టల మందు క్యాంపు అనగానే దొడ్డి మొత్తం తోలుకుపోతాం. కానీ అలా తాపితే మందుకు చావని పురుగులే మిగిలి, అవే పిల్లలు పెట్టి చేనంతా నిండుతాయి. కన్ను ఎర్రగా ఉన్న గొర్రెలను వదిలేస్తే మందుకు లొంగే పురుగు కూడా కొంత బతికి ఉంటుంది. ఇంకో తప్పు కూడా చేశాను, బరువు తూచకుండా కంటి అంచనాతో తాపడం. 35 కిలోల దానికి 25 కిలోల గొర్రెకు సరిపోయే మందు పోస్తే పురుగు చావదు, ఆ మందుకు అలవాటు పడుతుంది. ఇప్పుడు సంచులు తూచే కాటాకే వేలాడదీసి తూస్తున్నా.

పేడ పరీక్ష చేయించు. మందుకు ముందు నాలుగైదు గొర్రెల పెంటికలు తీసుకెళ్లు, మందు వేసిన 10 నుంచి 14 రోజుల్లోపు అవే గొర్రెలవి మళ్లీ తీసుకెళ్లు. కింద పడినవి కాదు, నేరుగా గొర్రె నుంచే తీసి, కవర్లో చుట్టి అదే రోజు ఇవ్వాలి. గుడ్లు నూటికి 95 దాకా తగ్గకపోతే ఆ మందు నీ మందలో పనిచేయట్లేదని అర్థం. నాకు అది తెలిసిన రోజు, రెండేళ్లుగా డబ్బులు పోసి నీళ్లు తాపానని ఏడుపొచ్చింది.

మేపు దగ్గర మార్చింది ఎక్కువ ఫలితం ఇచ్చింది. పెంటికల్లోని గుడ్డు వానాకాలంలో వారం రోజుల్లో పిల్లపురుగై, మంచు తడి మీద గడ్డి పరక ఎక్కుతుంది. ఎక్కువ పురుగులు నేల నుంచి రెండు మూడు అంగుళాల లోపలే ఉంటాయి. అందుకే మంచు ఆరాక, ఎనిమిదిన్నర దాటాకే తోలుతున్నా. గడ్డి నేలబారుగా అయిపోయిన బీడులో వదలను. కోత అయిన కంది చేను, మొక్కజొన్న చేను దొరికితే అది బంగారం. గేదెలు మేసిన చోట తర్వాత గొర్రెలు మేస్తే నష్టం లేదు, ఈ పురుగు గేదెలో పెద్దగా బతకదు. చెరువు అంచుల్లో మాత్రం నత్తలుంటాయి, కాలేయానికి పట్టే జలగ వ్యాధి అక్కడి నుంచే వస్తుంది, అటు తోలకు.

చెట్లను నేను వదిలేయలేదు. మందుగా కాదు, మేతగా వాడుతున్నా. తుమ్మ, జమ్మి లాంటి వగరు ఆకు తినే మేకలకు నట్టలు తక్కువని మన పెద్దవాళ్లకు తెలుసు. ఆ వగరులో ఉండే టానిన్లు గుడ్లను కొంత తగ్గిస్తాయి. పైగా ఆకు పైన ఉంటుంది, పురుగు కింద ఉంటుంది. రోజూ సాయంత్రం తుమ్మ కొమ్మలు, అవిసె కొమ్మలు దొడ్డిలో కడతాను. సుబాబుల్ కూడా వేస్తా, మొత్తం మేతలో మూడో వంతు దాటనివ్వను, దాటితే బొచ్చు రాలుతుంది. ఈనే ముందు, ఈనిన తర్వాత గుప్పెడు వేరుశనగ చెక్క ఎక్కువ పెడతా. ఆ రోజుల్లోనే తల్లి నుంచి గుడ్లు ఎక్కువ పడతాయి, ఒంట్లో బలం ఉంటే తట్టుకుంటుంది.

గాడిదగడపాకు మాత్రం చేయి పెట్టకు తమ్ముడూ. నట్టలకు వాడే ఆకే, పాతకాలం నుంచి వాడారు, నిజమే. కానీ అందులో ఉండే ఆమ్లం కిడ్నీలను పాడు చేస్తుంది. చూడి గొర్రెలకు అసలే వద్దు. పొగాకు కషాయం, మైలుతుత్తం నీళ్లు కూడా ఎవరో ఒకరు చెబుతారు. అవీ వద్దు. మైలుతుత్తంలో ఉండేది రాగి, గొర్రెకు రాగి పడదు, కాలేయంలో పేరుకుని ఒక రోజు ఉన్నట్టుండి చంపేస్తుంది.

నిజాంపేట బ్రూనో:

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా కుక్కపిల్లకు ఐదు వారాలు. పొట్ట గుండ్రంగా ఉబ్బి ఉంది, నిన్న వాంతిలో సేమియాలాంటి పురుగు పడింది. వెల్లుల్లి రసం రెండు చుక్కలు, వేపాకు రసం పట్టమని అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీ చెప్పారు. ఇంట్లో మూడేళ్ల పాప ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.

రాజేంద్రనగర్ వెట్ ఫైనలియర్:

బ్రూనో వాళ్లకు ముందు. వెల్లుల్లి, ఉల్లి కుక్కకూ పిల్లికీ వద్దు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అది ఏలికపాము, తల్లి కడుపులో ఉన్నప్పుడే పిల్లకు వస్తుంది. అందుకే రెండు వారాల వయసు నుంచే రెండు వారాలకోసారి బరువు చూసి మందు వేయాలి. మీరు ఆలస్యమైనా ఇప్పుడే వేయించండి. మలం పడగానే తీసేయండి. గుడ్లు మట్టిలో రెండు మూడు వారాల తర్వాత అంటుకునే స్థితికి వస్తాయి కాబట్టి రోజూ శుభ్రం చేస్తే పాపకు ప్రమాదం చాలా తగ్గుతుంది. చేతులు సబ్బుతో కడిగించండి.

దేవరకొండ అన్నా, అక్క చెప్పినవి మా ప్రొఫెసర్లు చెప్పేవే. రెండు కలుపుతాను. చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ వేయకూడదు, కడుపులో పిల్ల అవకరంగా పుట్టే ప్రమాదం ఉంది. ఆల్బెండజోల్ పని చేయకపోతే ఫెన్‌బెండజోల్ కూడా ఎక్కువసార్లు పని చేయదు, రెండూ ఒకే జాతి మందులు. క్లోసాంటెల్ రక్తం తాగే పురుగు మీద బాగా పని చేస్తుంది కానీ మోతాదు మించితే చూపు పోతుంది, డాక్టరు బరువు చూసి చెప్పాకే వేయండి.

గొంగడి పెదనాన్న గారూ, చెట్టు మందు వేరు, ఇంగ్లీష్ మందు వేరు అని గీత గీయకండి. నట్టలకు వాడే ఐవర్‌మెక్టిన్ మందు జపాన్‌లో మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది. 2015లో దానికి నోబెల్ ఇచ్చినప్పుడు, మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియా మందు తీసిన తు యూయూకు కూడా అదే బహుమతిలో సగం ఇచ్చారు. మొక్కలో మందు ఉంది. దాన్ని తీసి, తూచి, పరీక్షించి, అప్పుడు వాడారు.

దేవరకొండ మంద:

అక్కా, పదిహేడు రోజుల తర్వాత రాస్తున్నా. వాపు ఉన్న రెండింటిలో ఒకటి ఆ రాత్రే పోయింది. రెండోది బతికింది, వాపు పూర్తిగా తగ్గింది. మిగిలిన నలభైలో కళ్లు తెల్లగా ఉన్నవి ఏడు, మధ్యరకం తొమ్మిది, మిగతావి ఎర్రగా ఉన్నాయి. ఇరవై నాలుగింటికి అసలు మందే అవసరం లేదన్నమాట, నేను ఏడాదికి నాలుగుసార్లు తాపుతున్నా!

పేడ పరీక్షలో గ్రాముకు 2,600 గుడ్లు వచ్చాయి. డాక్టరు గారు మందు మార్చారు, పన్నెండో రోజు మళ్లీ చూస్తే 100. గాడిదగడపాకు తెచ్చి పెట్టుకున్నది పారేశాను. నాన్న ఇప్పుడు దొడ్డి తలుపు దగ్గర మంచం వేసుకుని కూర్చుంటున్నారు, ఒక్కొక్కదాన్ని నేను పట్టి ఇస్తే రెప్ప లాగి చూసి రంగు చెబుతున్నారు. ఆయన చూపు నాకంటే బాగుంది. అవిసె చెట్టు గింజలు ఇప్పుడు గట్ల మీద వేస్తే వస్తాయా?

కనిగిరి జోడిపి:

వస్తాయి, నేలలో తడి ఉంది కదా. మోకాలెత్తు దాటేదాకా చుట్టూ కంప కట్టు, నీ ఐదు మేకలూ ముందు దాని మీదే పడతాయి. నాన్నగారిని అడిగానని చెప్పు.