అట్లాంటా మహానగరమని ఎలా తెలుస్తుంది?

మలక్‌పేట మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను లెక్కల ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. మా అబ్బాయి అట్లాంటాలో ఉన్నాడని పదేళ్లుగా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. పోయిన ఏడాది నేను, మా ఆవిడ వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చాము. తిరిగి వచ్చిన దగ్గర నుంచి చుట్టాలందరూ అడుగుతున్నది ఒక్కటే: "చాలా పెద్ద సిటీ అట కదా, ఎలా ఉంది?" ఆ ఆరు నెలల్లో చెట్లు చూశాను, ఇళ్లు చూశాను, లెక్కలేనన్ని కార్లు చూశాను గాని సిటీని మాత్రం చూసినట్టు లేదు కాబట్టి, వాళ్లకు ఏం చెప్పాలో తోచడం లేదు.

అబ్బాయి ఇల్లు గ్విన్నెట్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సువానీలో ఉంది. పొద్దున నడకకు బయలుదేరితే వీధి గుండ్రంగా తిరిగి అక్కడే ఆగిపోతుంది. మనలాగే పిల్లల దగ్గరికి వచ్చిన విజయవాడ పెద్దాయన ఒక్కరే ఎదురయ్యేవారు. ఒకరోజు పాలు అయిపోతే నేనే తెస్తానని మైలున్నర దూరంలోని దుకాణానికి బయలుదేరాను. సగం దూరం వెళ్లేసరికి కాలిబాట ఉన్నట్టుండి గడ్డిలో కలిసిపోయింది. ఆ గడ్డిలోనే నడుస్తుంటే ఒక కారు ఆగింది. అందులోని ఆవిడ అద్దం దించి, ఏమైనా ఇబ్బందిలో ఉన్నారా, ఎవరికైనా ఫోను చేయమంటారా అని ఎంతో ఆదరంగా అడిగింది. మంచి మనిషే, కాదనను. కానీ రోడ్డు మీద మనిషి నడుస్తుంటే ఆపదలో ఉన్నాడనుకునే చోటును సిటీ అని ఎలా అనడం?

ఒక ఆదివారం అబ్బాయి మమ్మల్ని జాక్సన్ స్ట్రీట్ వంతెన మీద నిలబెట్టి మేడల వరుసను చూపించాడు. ఫొటోకు బ్రహ్మాండంగా ఉంది. తీరా ఆ మేడల మధ్యకు వెళితే కార్ల పార్కింగు స్థలాలు తప్ప మనుషులు లేరు. ఇంకోసారి డోరావిల్ దాకా కారులో వెళ్లి, అక్కడి నుంచి రైలెక్కి ఊళ్లోకి వెళ్లాము. అమెరికా దక్షిణాది నగరాలను మహానగరాలు అనిపించేది ఏమిటో అక్కడ ఉండి వచ్చినవారు చెప్పగలరా? ఆ రైలు మా అబ్బాయి ఇంటి వైపు ఎందుకు రాలేదో కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

తార్నాక ప్లానర్:

మాస్టారూ, పట్టణ ప్రణాళిక పనిలో ముప్పై ఏళ్లు పటాల మీద గీతలు గీసినవాణ్ని కాబట్టి, ముందు గీతల సంగతి చెబుతాను. 2020 జనాభా లెక్కల్లో అట్లాంటా నగర పరిధిలో ఉన్నవారు 5 లక్షలకు కాస్త తక్కువ. దాని చుట్టూ ఉన్న కౌంటీలన్నీ కలిపిన మెట్రో ప్రాంతంలో 60 లక్షల పైచిలుకు ఉన్నారు. అంటే అట్లాంటాలో ఉంటున్నామని చెప్పుకునే పన్నెండు మందిలో ఒక్కరే నిజంగా ఆ నగరపాలక సంస్థ పరిధిలో ఉంటారు. మీ అబ్బాయి మిగతా పదకొండు మందిలో ఒకరు. ఇందుకు తిరగేసిన ఉదాహరణ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్. 1968లో ఆ నగరాన్ని డువాల్ కౌంటీతో కలిపేశారు. 2020 నాటికి అక్కడి జనాభా 9 లక్షల 49 వేలు, అంటే కాగితం మీద అట్లాంటాకు దాదాపు రెట్టింపు. అయినా ఆ రెండు ఊళ్లూ చూసినవారెవరూ జాక్సన్‌విల్లే పెద్దదని అనగా నేను వినలేదు.

మన దగ్గరా అదే జరిగింది కదా. 2007లో 12 మునిసిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేసినప్పుడు, 170 పైచిలుకు చదరపు కిలోమీటర్ల హైదరాబాదు ఒక్కసారిగా 600 దాటింది. మర్నాడు పొద్దున కూకట్‌పల్లిలో నిద్రలేచినవారికి మాత్రం ఏ తేడా తెలియలేదు. కాబట్టి జనాభా పట్టికను పక్కన పెట్టేయండి.

ఇక మీ రైలు సంగతి. అసలు కథ అందులోనే ఉంది. మార్టా అనే ఆ రవాణా సంస్థను ఐదు కౌంటీల కోసం తలపెట్టారు. 1965లోనే కాబ్ కౌంటీ ఓటర్లు వద్దన్నారు. 1971లో ఒక శాతం అమ్మకం పన్నుతో రైలు, బస్సులు నడుపుదామని మళ్లీ ఓటింగ్ పెడితే ఫుల్టన్, డికాబ్ కౌంటీలు ఒప్పుకున్నాయి. గ్విన్నెట్, క్లేటన్ కాదన్నాయి. నల్లజాతివారు ఎక్కువగా ఉన్న నగరం నుంచి తెల్లవారు శివార్లకు తరలిపోతున్న కాలమది. ఆ నగరంతో తమను కలిపే రైలే వద్దన్న భయం ఆ ఓట్లలో పనిచేసింది, పన్ను మీద అయిష్టం ఒక్కటే కాదు. 1979లో రైళ్లు మొదలయ్యాయి. క్లేటన్ 2014లో మనసు మార్చుకుంది. గ్విన్నెట్ మాత్రం 1990లోనూ, 2019లోనూ మళ్లీ కాదంది. అందుకే మీరు ఎక్కిన రైలు డికాబ్ కౌంటీలోని డోరావిల్ దగ్గరే ఆగిపోతుంది. సువానీకి రైలు వేయలేక కాదు మాస్టారూ, అక్కడివారు వద్దనుకున్నారు.

కొండాపూర్ వాసి:

మూడేళ్లు హ్యూస్టన్‌లో పనిచేసి తిరిగి వచ్చాను. ప్లానర్ గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు గాని, మాస్టారు వెతికిన చోటే పొరపాటు ఉందని నా అనుమానం. మనకు సిటీ అంటే వీధి: కోఠీలో బస్సు దిగి సుల్తాన్ బజార్‌లోకి నడిస్తే భుజాలకు భుజాలు తగలాలి. హ్యూస్టన్ లాంటి చోట్ల జనమంతా ఇళ్లలో, కార్లలో, లేదా గోడల మధ్య ఉంటారు. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో ఆగస్టు మధ్యాహ్నం పైన వీధిలో కుక్క కూడా కనిపించదు. కింద మాత్రం ఎన్నో భవనాలను కలుపుతూ దాదాపు 10 కిలోమీటర్ల సొరంగ మార్గాలు ఉన్నాయి. నేను అక్కడికి వెళ్లిన మొదటి వారం ఊరిలో మనుషులే లేరని అనుకున్నాను. నాలుగో రోజున ఒక సహోద్యోగి లిఫ్టులో కిందికి తీసుకెళితే మంగలి దుకాణం, చెప్పులు కుట్టే కొట్టు, మెడలో ఐడీ కార్డులు వేసుకుని భోజనం కోసం వరుసలో నిలబడ్డ వందల మంది కనిపించారు. మూడు గంటలు దాటితే సగం షట్టర్లు దించేసేవారు.

2020 లెక్కల్లో 23 లక్షల జనాభాతో అమెరికాలో నాలుగో పెద్ద నగరమది. ఏ చోట ఏం కట్టాలో చెప్పే జోనింగ్ చట్టం లేనందువల్ల ఇంటి పక్కనే వర్క్‌షాపు, దాని పక్కనే గుడి కనిపించడం నాకైతే మన ఊరిని గుర్తుచేసింది. కేటీ ఫ్రీవే అనే పెద్ద రహదారి ఒకచోట పక్కదారులతో కలిపి 26 వరుసల వెడల్పు ఉంటుంది. అయినా సాయంత్రం ఐదింటికి అది నిండిపోతుంది, ఆ సంగతి వేరే. నాకు అది మహానగరమని నమ్మకం కుదిరింది టెక్సస్ మెడికల్ సెంటర్‌లో. మా నాన్నగారి వైద్యం కోసం వెళ్లినప్పుడు, రిజిస్ట్రేషన్ దగ్గర మా ముందున్న కుటుంబం స్పానిష్‌లో, వెనకున్నవారు అరబిక్‌లో మాట్లాడుకుంటున్నారు. ఎక్కడెక్కడి వారికో ప్రాణం మీదకు వస్తే గుర్తొచ్చే ఊరు చిన్న ఊరు ఎలా అవుతుంది?

నార్సింగి నివాసి:

కొండాపూర్ గారూ, మీ వాదన బాగుంది గాని ఆసుపత్రి వల్ల ఊరు పెద్దదవుతుందంటే మన వెల్లూరు ఎప్పుడో మహానగరం అయి ఉండాలి. న్యూ ఆర్లీన్స్‌లో మా అక్క దగ్గర రెండు నెలలు ఉన్నాను. 2020లో ఆ నగర జనాభా 4 లక్షలైనా లేదు. అయినా నేను చూసిన దక్షిణాది ఊళ్లలో నగరం అనిపించింది అదొక్కటే, ఎందుకంటే కారు పుట్టక ముందే అది ఊరైంది. సెయింట్ ఛార్లెస్ వీధిలో 1835 నుంచి ట్రామ్ నడుస్తోంది. ఇప్పటికీ 1920ల నాటి ఆకుపచ్చ బండ్లే. లోపల చెక్క బెంచీలు. చివరి స్టాపులో బండి వెనక్కి తిప్పరు, బెంచీల వీపులనే అటునుంచి ఇటు తిరగేస్తారు. టకటకమని ఆ చప్పుడు వినడానికే నేను చివరిదాకా వెళ్లేదాన్ని. నన్నెవరూ, ఏమైనా ఇబ్బందా అని అడగలేదు.

మేడల వరుస గురించి మాస్టారు చెప్పారు కదా. అట్లాంటాలో అన్నింటికంటే ఎత్తైన బ్యాంక్ ఆఫ్ అమెరికా ప్లాజాకు 55 అంతస్తులు, కట్టింది 1992లో. మా పక్కనున్న కోకాపేటలో ఇప్పుడు 50 అంతస్తులు దాటిన మేడలు లేచాయి. నేను ఇరవై రెండో అంతస్తులో ఉంటాను. కొత్తిమీర కట్ట కావాలంటే లిఫ్టు దిగి, కారు తీసి, యూటర్న్ కోసం కిలోమీటరు వెళ్లాలి. మాస్టారు సువానీలో చూసింది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నిలువుగా కడుతున్నారు, అంతే తేడా.

తార్నాక ప్లానర్:

న్యూ ఆర్లీన్స్‌కు కూడా శివార్లు ఉన్నాయమ్మా. అవన్నీ కలిపితే 10 లక్షలు దాటుతుంది, అక్కడా కారు లేనిదే గడవదు. అయితే బెంచీల విషయంలో మీరే గెలిచారు.

మలక్‌పేట మాస్టారు:

అందరికీ ధన్యవాదాలు. 1971 నాటి ఓటింగ్ సంగతి మా అబ్బాయికి కూడా తెలియదట. నిన్న ఫోనులో చెబితే, ఇల్లు కొనేటప్పుడు ఇదంతా ఎవరూ చెప్పలేదన్నాడు.

మీ జవాబులు చదివాక ఆ రైలు ప్రయాణంలో జరిగిన ఒక సంగతి గుర్తొచ్చింది. డోరావిల్‌లో ఎక్కిన దగ్గర నుంచి, కోఠీలో బస్సుల బోర్డులు చదివే పాత అలవాటు కొద్దీ, తలుపు పైనున్న స్టేషన్ల పేర్లు వరుసగా చదువుకుంటూ కూర్చున్నాను. నాలుగు దిక్కుల రైళ్లూ కలిసే ఫైవ్ పాయింట్స్‌లో దిగాము. అబ్బాయి ఏదో ఫోను వస్తే కాస్త దూరంగా వెళ్లాడు. అక్కడ జనం ఉన్నారు: ఆసుపత్రి దుస్తుల్లో ఉన్నవారు, నిద్రపోతున్న పిల్లవాణ్ని భుజాన వేసుకున్న తల్లి, తనలో తాను పాడుకుంటున్న ఒక ముసలాయన. అంతలో పెద్ద పెట్టె లాక్కుంటూ ఒక అమ్మాయి హడావుడిగా వచ్చి, అంతమందిలో నన్నే, ఎయిర్‌పోర్టు రైలు ఎటువైపు వస్తుందని అడిగింది. మేము దిగిన బండి ఇంకా కదల్లేదు. ఇదేనమ్మా, చివరి స్టేషను అదే, ఎక్కేయమని చెప్పాను. తలుపులు మూసుకుంటుండగా చేయి ఊపింది. ఆమె నన్ను ఆ ఊరివాణ్ణే అనుకుంది.