కథలో 'పదును' అనే మాట తీసేయమంటున్నారు, ఏం చేయాలి?

సీమపిల్ల:
అందరికీ నమస్తే. నా కథ ఒకటి ఒక వెబ్ మ్యాగజైన్ వాళ్లు తీసుకున్నారు, చాలా సంతోషం, కానీ 'పదును', 'గొర్రు' (ఎద్దులకు కట్టి విత్తనమేసే పనిముట్టు), 'సాలు' (అది చేన్లో గీసే గీత) లాంటివి ఎక్కువమందికి అర్థం కావట, మార్చమంటున్నారు. పదును అన్నచోట తేమ అని పెట్టాలంట. మాది అనంతపురం పక్క, సెనక్కాయ పండించే ఇల్లు. వానొచ్చిన మర్నాడు మా అవ్వ చేన్లోకి పోయి పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికేది, అది ముద్ద కట్టాల, కింద వదిల్తే మళ్లీ పొడిపొడిగా విడిపోవాల, అప్పుడు పదునైంది గొర్రు కట్టండి అనేది. తేమ నిన్న కూడా ఉన్నింది, పదును ఈరోజొచ్చింది, రేపటికి ఉండదు. కథంతా ఆ ఒక్కరోజే. ఆ మాట తీసేస్తే ఏం మిగుల్తాది? అట్లని చదివేవాళ్లే లేకుండా రాసుకోని ఏం లాభం అని కూడా అనిపిస్తాంది.

పేపర్ డెస్క్:
నేను వ్యవసాయం పేజీ చూస్తానండి. ఎకరాకి మందు ఎంత కొట్టాలో రాసేటప్పుడు ఒక్క మాట తికమకగా ఉన్నా రైతు మునిగిపోతాడు, అక్కడ సింపుల్‌గా రాయడం మా బాధ్యత. అయితే మా పాఠకులకి 'పదును'నే సింపుల్ మాట. మీ ఎడిటర్ చెప్పే ఆ ఎక్కువమంది ఎవరో ముందు అడగండి.

వైజాగ్ రీడర్:
నేను కొంచెం వేరేగా చెప్తా, ఏమనుకోకండి. గొర్రు అంటే మీరిక్కడ చెప్పేదాకా నాకు తెలీదు. ఆఫీస్ నుంచి వచ్చేటప్పుడు బస్సులో చదువుతాను, మొదటి పేరాలోనే నాలుగు తెలియని మాటలొస్తే కథ వదిలేస్తా, నిజంగా వదిలేస్తా. కానీ మీరు పైన రాసిన మట్టి ముద్ద చదవగానే పదును అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. దాన్నే కథ మొదట్లో పెట్టొచ్చుగా?

పాతపుస్తకాలు:
కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామ పనిలోనే ఉన్నారు. పెద్దవాళ్లకి రాసిన కథల్లోనూ వాక్యం అంత తేటగానే ఉంటుంది, కానీ మధ్యతరగతి మనిషి తనకి తాను చెప్పుకునే అబద్ధాలన్నీ అందులో కనబడి మనకే ఇబ్బందిగా ఉంటుంది. చదివేవాణ్ని కష్టపెట్టాల్సింది అక్కడ. ఇంకోమాట, గిడుగు రామమూర్తి పంతులుగారు అంత కొట్లాడింది జనం నోట్లో ఉన్న మాట పుస్తకంలోకి రావాలనే కదా, మీ అవ్వ మాట జనం మాట కాకపోతే మరింకేది? మార్చొద్దమ్మా.

సీమపిల్ల:
అందరికీ థ్యాంక్స్. వైజాగ్ అక్కా, నువ్వు చెప్పినట్లే మట్టి సీన్ ముందుకి తెచ్చినా, పదును అట్లే ఉంచినా. గొర్రు కూడా మా మామ ఎద్దులకు కట్టేకాడ ఇంకో రెండు లైన్లు రాస్తే కనబడుతాది. సాలు ఒకటి తీసేసినా, అది లేకున్నా కథకేం కాలేదు. రాత్రికి ఎడిటర్ గారికి పంపిస్తా.