నిజాంపేటలో ఇంటికి నెట్: ఫైబరా, ఎయిర్ ఫైబరా?

ప్రశ్న: హైదరాబాద్ నిజాంపేటలో అద్దె ఇంటికి మారాం, నాలుగో అంతస్తు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్, బాబుకి ఆన్‌లైన్ ట్యూషన్. జియో, ఎయిర్‌టెల్, యాక్ట్ మూడూ వస్తాయట. ఒకాయనేమో వైరే అక్కర్లేదు, ఎయిర్ ఫైబర్ పెట్టించుకోమంటున్నారు. ఏది మేలు?

జవాబు 1: కంపెనీ సంగతి తర్వాతండీ. ముందు మీ ఇంట్లోకి వచ్చే వైరు ఏదో చూడండి. కొన్ని అపార్ట్‌మెంట్లలో ఫైబర్ సెల్లార్‌లోని స్విచ్ (అన్ని ఫ్లాట్లకీ నెట్ పంచే, కరెంటుతో నడిచే డబ్బా) దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి పైకి లాన్ కేబులే. కరెంటు పోతే మీ రౌటర్‌కి యూపీఎస్ ఉన్నా, కింద స్విచ్‌కి లేకపోతే నెట్ లేనట్టే. మేం రెండేళ్లు పడ్డాం ఆ బాధ. వాన మొదలైతే చాలు, మేనేజర్‌కి సారీ మెసేజ్ పెట్టేవాణ్ణి.

ఫైబర్ ఇంటిదాకా వస్తే ఆ గొడవ ఉండదు. ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే డబ్బా మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) లైటు ఎర్రగా వెలిగితే మాత్రం ఫైబర్ ఎక్కడో తెగిందో, వంగిందో అన్నమాట. రౌటర్ ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు, కంప్లైంట్ ఇవ్వాల్సిందే.

జవాబు 2: ఎయిర్ ఫైబర్‌ని తీసిపారేయకండి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలిన ప్రమాదం తర్వాత స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు మా గల్లీలో వైరున్న ఇళ్లన్నీ ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిచాయి. ఎయిర్ ఫైబర్ టవర్ నుంచి 5జీ సిగ్నల్ అందుకుంటుంది కాబట్టి వీధిలో వైరు గొడవ లేదు. కానీ రాత్రి అందరూ ఓటీటీ పెట్టే వేళకి స్పీడ్ తగ్గొచ్చు. పైగా డాబా మీద యాంటెనా బిగించాలి, ఓనర్ ఒప్పుకోవాలి కదా!

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ సరిపోతుందా? సెకనుకి 100 ఎంబీ వస్తుందిగా?

జవాబు 1: రాదండీ, ఎంబీపీఎస్‌లో లెక్క బిట్లలో, ఎంబీలో బైట్లలో. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 8తో భాగించండి. 12.5 ఎంబీ. అయినా మీ ఇద్దరికీ బోలెడు. అప్‌లోడ్ ఎంతో కూడా అడగండి, మీటింగుల్లో మన మొహం అవతలికి వెళ్లేది దాని మీదే. చెప్పిన రేటుకి 18 శాతం జీఎస్‌టీ కలుస్తుంది. చవకని ఆరు నెలలకి ఒకేసారి కట్టేయకండి.

జవాబు 3: వాచ్‌మన్‌ని అడగండి బ్రదర్, ఏ కంపెనీ లైన్‌మన్ పిలిస్తే వస్తాడో. అతనికి తెలిసినంత కాల్ సెంటర్‌కి తెలీదు.

ప్రశ్న: సెల్లార్‌లో చూశానండీ. రెండు కంపెనీల స్విచ్‌లు, వాటి మీద వాచ్‌మన్ తువ్వాలు ఆరేసి ఉంది! ఫైబర్ పైదాకా వచ్చింది మూడో కంపెనీదొక్కటే. దానికే ఒక నెల కట్టాను.