నాయన పాత ల్యాప్‌టాప్ ఫార్మాట్ కొట్టాలంటున్నారు, పాపకు కొత్తది కొనాల, ఎట్ల చేయమంటారన్నా?

అడిగింది (కర్నూలు):
అందరికీ నమస్తే. మాది కర్నూలు, సీ క్యాంపు సైడు. నాయన వాడే ల్యాప్‌టాప్ ఒకటుండాది, 2016లో కొన్నది, ఐ5 ఆరో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఈ మధ్య ఆన్ చేసి పోయి టీ తాగొచ్చినా ఇంగా తిరుగుతానే ఉంటాది, ఫోటోల ఫోల్డర్ తెరిస్తే అట్లే బిగుసుకుపోతాది, ఒక్కోసారి లోపల టిక్కు టిక్కుమని సౌండొస్తాది. షాపులో చూపిస్తే విండోస్ 10 పనైపోయింది, ఫార్మాట్ కొట్టి 11 వేస్తా, సాయంత్రం వచ్చి తీసుకుపో అన్నాడు. నాయన రిటైర్డ్ హెడ్మాస్టరు, ఆయన టైపు చేసుకున్నవన్నీ, ఇంటి ఫోటోలు, పొలం పాసుపుస్తకాల స్కాన్లు మొత్తం దాంట్లోనే ఉన్నాయి. ఇంగోటి, పాపకు అనంతపురంలో బీటెక్ సీఎస్‌ఈ సీటొచ్చింది, గేమింగ్ ల్యాప్‌టాపే కావాలని పట్టు పట్టింది, మన దగ్గర 55 వేల దాకా ఉంది. రెండిటికీ కాస్త చెప్పండి.

జవాబు (నంద్యాల):
ఫార్మాట్ కొట్టిచ్చేయ్ బ్రో, ఏం కాదు. 11కి క్రాక్ (డబ్బు కట్టకుండా నడిపించే దొంగ సాఫ్ట్‌వేర్) దొరుకుతాది, ఫ్రీ.

జవాబు (అనంతపురం):
పై ఆయన మాట వినొద్దు తమ్ముడూ, షాపుకు అసలే ఇయ్యొద్దు. నేను ఇదే రిపేరు పనిలో ఉన్నా కాబట్టి చెప్తాండా. నీ పోస్టులో విండోస్ సంగతి కాదు నాకు భయమేసింది, ఆ టిక్కు టిక్కు సౌండు. అది హార్డ్‌డిస్క్ లోపల చదివే ముల్లు సరిగా చదవలేక మళ్ళీ మళ్ళీ వెనక్కొచ్చి కొట్టుకునే సౌండు కావచ్చు, అట్లాంటి డిస్క్ ఇంగా ఆర్నెల్లు నడవచ్చు, ఈ రాత్రికే పోవచ్చు, ఎవరూ చెప్పలేరు. అందుకే ఇప్పుడే ఆఫ్ చేసి పక్కన పెట్టు. స్లోగా ఉంది కదా అని స్కాన్ డిస్క్ పెట్టడం, డీఫ్రాగ్ చేయడం, యాంటీవైరస్ ఫుల్ స్కాన్ ఇయ్యడం, ఇవేవీ చేయొద్దు, ఉన్న కొంచెం ప్రాణం కూడా వాటితోనే పోతాది.

ముందు ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొనుక్కో. పాప ల్యాప్‌టాప్ కంటే ముందు కొనాల్సింది అదే. తర్వాత ఎవరిదన్నా బాగున్న కంప్యూటర్లో లైనక్స్ మింట్ (విండోస్ మాదిరే ఇంకో ఆపరేటింగ్ సిస్టం, ఫ్రీ) డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌కు ఎక్కించు (రూఫస్ అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటాది, ఫ్రీ). ఆ పెన్‌డ్రైవ్ నాయన ల్యాప్‌టాప్‌కు పెట్టి దాంట్లో నుంచే బూట్ చేయి, ఇన్‌స్టాల్ నొక్కొద్దు, ఊరికే ట్రై అని ఉంటాది అంతే. ఎందుకంటే విండోస్ ఆన్ అయితే అదే వెనక సవా లక్ష పనులకు డిస్క్‌ను గీకుతాంటది, పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కితే నువ్వు కాపీ చేసేటప్పుడు మాత్రమే డిస్క్ మీద పని పడతాది.

కాపీ చేసేటప్పుడు మొత్తం సెలెక్ట్ ఆల్ కొట్టి వదిలేయొద్దు, చెడిపోయిన చోట ఒక్క సినిమా ఫైలు దగ్గర ఇరుక్కుందంటే మిగతావన్నీ ఆడే ఆగిపోతాయి. పొలం స్కాన్లు, నాయన రాసుకున్న ఫైళ్ళు ముందు, అవి చిన్నవి, నిమిషాల్లో అయిపోతాయి. తర్వాత ఫోటోలు, సంవత్సరం సంవత్సరం విడిగా. ఫోన్లలో తీసిన వీడియోలు ఆఖర్న. సినిమాలు వదిలేయ్, మళ్ళీ దొరుకుతాయి.

డిస్క్ అసలు కనపడకపోతే మాత్రం ఆడికి ఆపేయి. కొందరు పోరగాళ్ళు డిస్క్ మూత ఇప్పి చూస్తామంటారు, ఒప్పుకోవద్దు, లోపల దుమ్ము పడితే ఇంగ ల్యాబ్ వాళ్ళకు కూడా చానా కష్టం. రికవరీ ల్యాబులు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నాయి, ఖర్చు ఎక్కువే, పొలం కాగితాలు వేరే యాడన్నా ఉన్నాయేమో చూసుకుని అప్పుడు ఆలోచించు.

అడిగింది (కర్నూలు):
అన్నా థ్యాంక్స్, ఆఫ్ చేసేసినా. ఒక డౌటు, నాయన ఫైళ్ళన్నీ పేజ్‌మేకర్లో, అను ఫాంట్లలో చేసినవి, అవి కాపీ చేస్తే సరిపోతాదా? అట్లే విండోస్ 10 నిజంగా పనికిరాదా?

జవాబు (అనంతపురం):
మంచి డౌటు, ఇది చాలా మంది మర్చిపోతారు. అను ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి) కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, ఏదో మంత్రాల మాదిరి కనపడతాది, ఫైలు పాడైందని జనం డిలీట్ కూడా చేసేస్తారు. కాబట్టి ఫైళ్ళతో పాటు విండోస్ లోపల ఫాంట్స్ అని ఫోల్డర్ ఉంటాది, అది కూడా కాపీ చేసి పెట్టుకో. తీరిగ్గా కూర్చున్నప్పుడు ముఖ్యమైనవన్నీ పీడీఎఫ్ చేయించు, అప్పుడు ఫాంట్ లోపలే కూర్చుంటాది, పదేళ్ళ తర్వాత ఫోన్లో తెరిచినా తెలుగే కనపడతాది. మార్చుకోవాలంటే అను నుంచి యూనికోడ్‌కు కన్వర్టర్లు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, ఒకసారి చదివి దిద్దుకోవాల.

విండోస్ 10 సంగతి, షాపాయన చెప్పింది సగం నిజం. 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. కానీ ఇళ్ళల్లో వాడేవాళ్ళకు ఇంకో సంవత్సరం, 2026 అక్టోబర్ 13 దాకా, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్టే ఒక స్కీము పెట్టింది, ఈఎస్‌యూ అంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగులు బ్యాకప్ ఆన్ చేస్తే దానికి డబ్బు కట్టక్కర్లేదు, విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనపడతాది, 22హెచ్2 వెర్షన్ ఉండాల. ఇంగ 11 అంటావా, దానికి ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి కావాల, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు కావాల. నాయనది ఆరో జనరేషన్. షాపులో అడ్డదారిన ఎక్కిస్తారు, ఎక్కుతాది కూడా, కానీ అట్ల ఎక్కించిన వాటికి అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ గ్యారెంటీ ఇయ్యదు. పైగా క్రాక్ యాక్టివేటర్ ఒకటి వేస్తారు, దాన్ని వేసే ముందు డిఫెండర్ (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) ఆఫ్ చేస్తారు, ఇంటి తాళం తీసి దొంగను లోపలికి పిల్చినట్టే ఇది. డిఫెండర్ ఆపమని అడిగే సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే నమ్మొద్దు. మామూలు ఇంటి వాడకానికి ఆ డిఫెండర్ చాలు, డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనే పని లేదు.

నేనైతే కాపీ అయినాక పాత హార్డ్‌డిస్క్ తీసి పక్కన పెట్టి, ఒక 2.5 ఇంచుల సాటా ఎస్‌ఎస్‌డీ (లోపల తిరిగే ప్లేట్లు లేని, స్పీడుగా పనిచేసే డిస్క్) వేసి, ర్యామ్ 8 చేస్తా. ర్యామ్ కొనేముందు పాత స్టిక్కు మీద స్టిక్కర్ చూడు, ఆరో జనరేషన్లో డీడీఆర్3ఎల్ వచ్చినవీ ఉన్నాయి, డీడీఆర్4 వచ్చినవీ ఉన్నాయి, ఒకటి ఇంకోదానికి పట్టదు. ఆ మాత్రం చేస్తే ఆ మిషను నాయనకు ఇంగా బాగా పనికొస్తాది. పేజ్‌మేకర్ అక్కర్లేదు, న్యూస్, యూట్యూబ్, మెయిల్ చాలు అంటే మింట్ వేసేయ్, అప్‌డేట్లు ఆగిపోతాయన్న ఈ బాధ ఉండదు.

జవాబు (కడప):
పైన అన్న చెప్పినవన్నీ కరెక్టు, నేను బ్యాకప్ గురించి కొంచెం కలుపుతా. ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేసి, ల్యాప్‌టాప్‌లోది తీసేస్తే అది బ్యాకప్ కాదు తమ్ముడూ, ఫైలు ఇల్లు మారింది అంతే. ఏ ఫైలైనా మూడు చోట్ల ఉండాల, రెండు రకాల వస్తువుల మీద ఉండాల, ఒకటి మన ఇంట్లో కాకుండా వేరే చోట ఉండాల. మీది కర్నూలు కదా, ఈ మూడోది ఎందుకో మీకు చెప్పక్కర్లేదు, 2009 అక్టోబర్లో తుంగభద్ర, హంద్రీ ఊర్లోకి వచ్చినప్పుడు బీరువాల్లో కాగితాలు ఎట్ల నానిపోయినాయో పాతూర్లో ఎవర్నడిగినా చెప్తారు. డిస్క్ కూడా అదే బీరువాలో ఉంటే అదీ పోతాది. పాప ఎట్లాగూ అనంతపురం పోతాంది కాబట్టి ఒక కాపీ తనతో పంపు, సెలవులకొచ్చినప్పుడు కొత్తవి ఎక్కించుకుని పోతాది.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా అని ధీమా వద్దు. గూగుల్లో ఫ్రీగా 15 జీబీ, జీమెయిలూ ఫోటోలూ ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్పూ అన్నీ దాంట్లోనే, వన్‌డ్రైవ్‌లో అయితే 5. ఇంగోటి, అవి సింక్ చేస్తాయి, అంటే ఈడ డిలీట్ అయితే ఆడా డిలీట్ అవుతాది. వన్‌డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులుంటాది, ఆ తర్వాత పోయినట్టే. గూగుల్ ఫోటోస్‌లో ఫోన్ ఖాళీ చేద్దామని ఊరికే డిలీట్ నొక్కితే క్లౌడ్‌లోది కూడా పోతాది, దానికి వేరే "ఫ్రీ అప్ స్పేస్" అని ఉంటాది, అది నొక్కాల. మా పెద్దమ్మ వాళ్ళ ఇంట్లో పెళ్ళి ఫోటోలు ఇట్లనే పోయినాయి, 60 రోజుల లోపల ట్రాష్‌లో దొరికినాయి కాబట్టి సరిపోయింది.

డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కు పెట్టే ఉంచొద్దు, కాపీ అవ్వంగానే పీకేయండి. రాన్సమ్‌వేర్ (ఫైళ్ళు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) వస్తే పెట్టి ఉన్న డిస్క్‌లో ఫైళ్ళు కూడా లాక్ చేస్తాది. 2017 మే నెలలో వానాక్రై అని అట్లాంటిదే వచ్చినప్పుడు మన ఆంధ్రాలో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లే దెబ్బతిన్నాయి, ఇంగ మనమెంత. అప్‌డేట్లు వేసుకోకపోవడమే దానికి దారి ఇచ్చింది, మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే ప్యాచ్ ఇచ్చింది.

అడిగింది (కర్నూలు):
అక్కా భలే చెప్పినారు. నాయనకు వాట్సాప్‌లో ఆర్టీఓ చలాన్ అని ఏపీకే (ఫోన్లో యాప్ ఎక్కించేది) ఫైలొచ్చింది పోయిన వారం, నొక్కబోయినాడు, పాప పట్టుకుంది. ఇట్లాంటివాటికి ఏం చేయాల? ల్యాప్‌టాప్ గురించి కూడా చెప్పండి, గేమింగే కావాలంటాది.

జవాబు (కడప):
పాప గట్టిదే! చలాన్, పీఎం కిసాన్, కరెంటు బిల్లు, బ్యాంకు కేవైసీ, పేరేదైనా సరే, ఏ ఆఫీసూ వాట్సాప్‌లో ఏపీకే పంపదు. అది ఎక్కితే ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలు లాగుతాది. ఒకవేళ ఎవరన్నా ఎక్కించేసుంటే ముందు ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాల, డబ్బు పోయి ఎంత తక్కువ టైమైతే ఆపే ఛాన్సు అంత ఎక్కువ. కంప్యూటర్లో స్క్రీను నిండా ఎర్రగా వైరస్ వచ్చింది ఈ నంబర్‌కు కాల్ చేయండి అని అరుస్తాది చూడండి, అది ఉత్త వెబ్ పేజీ. ఎస్కేప్ కీ పట్టుకుని నొక్కి ఉంచండి, ఫుల్‌స్క్రీన్ పోతాది, అప్పుడు బ్రౌజర్ మూసేయండి. ఎవరో ఫోన్ చేసి ఎనీడెస్క్ (దూరం నుంచి మన కంప్యూటర్ నడిపించే సాఫ్ట్‌వేర్) వేసుకోమంటే ఫోన్ కట్ చేయమని నాయనకు చెప్పండి, మర్యాద కోసం వినాల్సిన పని లేదు.

జవాబు (అనంతపురం):
ల్యాప్‌టాప్ గురించి. గేమింగ్ ల్యాప్‌టాప్ అంటే రెండుంబావు కిలోలు, దానికి ఇటుకంత అడాప్టరు, బ్యాటరీ క్లాసు రూములో సగం రోజు కూడా రాదు. మొదటి రెండేళ్ళు సీ, పైథాన్, జావా, డేటాబేసు, వీటికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. తర్వాత మెషీన్ లెర్నింగ్ చేయాలన్నా గూగుల్ కొలాబ్ అనే సైటులో ఫ్రీగా జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) దొరుకుతాది. పాపతో ఈ మాట నువ్వు చెప్తే వినదు, సీనియర్ల చేత చెప్పించు.

చూడాల్సింది ర్యామ్ 16, ఎస్‌ఎస్‌డీ 512. 8 ర్యామ్ అయితే ఖాళీ స్లాట్ ఉందా అని కచ్చితంగా అడుగు, చాలా సన్నటి మోడళ్ళల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటాది, తర్వాత పెంచలేవు. ఈ మధ్య ర్యామ్ రేట్లు బాగా పెరిగినాయి, తర్వాత కొందాంలే అనుకుంటే అప్పుడు ఏడవాల్సొస్తాది.

ప్రాసెసర్ దగ్గర షాపులో ఐ5 అనో రైజెన్ 5 అనో చెప్పి ఊరుకుంటారు, నంబరు మొత్తం చదువు. రైజెన్ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాల. 7520యూ అంటే మూడో అంకె 2, అది జెన్ 2 అనే 2019 నాటి డిజైను, నాలుగే కోర్లు (లోపల పనిచేసే భాగాలు). 7530యూ అంటే దాని తర్వాతి డిజైను జెన్ 3, ఆరు కోర్లు. పేరు చూస్తే పది నంబర్లే తేడా, పనిలో చానా తేడా. ఇంటెల్లో అయితే ఎన్100, ఎన్200 లాంటివి బ్రౌజింగ్‌కే, సీఎస్‌ఈకి వద్దు. 12 లేదా 13వ జనరేషన్ ఐ5 దొరికితే చాలు.

స్క్రీను షాపులో ట్యూబ్‌లైటు కింద అన్నీ బాగానే కనపడతాయి. పక్కకు వాలి చూడు, రంగులు మారిపోతే టీఎన్ ప్యానెల్ అనే నాసిరకం స్క్రీను, వదిలేయ్. మూత ఒక్క చేత్తో తెరిచి మూసి హింజ్ (మూత కీలు) చూడు, ఈడ రిపేరుకొచ్చే వాటిల్లో హింజ్ ఇరిగినవే ఎక్కువ. డబ్బా మీద డాస్ అని ఉంటే విండోస్ రాదు, రేటు తక్కువని మోసపోవద్దు.

జవాబు (కడప):
ఒకటి మర్చిపోయినారన్నా. కొత్త వాటిల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వంగానే డిస్క్ దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతాది, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేరు. ఎప్పుడో బయోస్ అప్‌డేట్ అయినాకనో, మదర్‌బోర్డు మార్చినాకనో నీలం స్క్రీన్ వచ్చి బిట్‌లాకర్ (ఆ తాళం పేరు) రికవరీ కీ అడుగుతాది, 48 అంకెలు. అది ఆ అకౌంట్ సైటులో డివైసెస్ కింద ఉంటాది. పిల్లలు ఏదో కొత్త మెయిల్ ఐడీ పెట్టి లాగిన్ అయి మర్చిపోతారు, అప్పుడు కీ లేదు, ఫైళ్ళూ లేవు, షాపోడు కూడా ఏం చేయలేడు. కొన్న రోజే ఆ కీ ప్రింటు తీసి పొలం కాగితాల ఫైల్లో పెట్టుకోండి.

అడిగింది (కర్నూలు):
అన్నా, అక్కా, చానా థ్యాంక్స్. మింట్ పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించినా, పొలం స్కాన్లు, నాయన ఫైళ్ళు వచ్చేసినాయి, ఫోటోల్లో 2018ది ఒక ఫోల్డర్ మధ్యలో ఎర్రర్ ఇస్తాంది, మిగతాది కాపీ అవుతాంది. ఆ పాత హార్డ్‌డిస్క్ పారేయాలా, సెకండ్స్‌కు ఇయ్యాలా?

జవాబు (అనంతపురం):
ఆ 2018 ఫోల్డర్‌ను పదే పదే ప్రయత్నించొద్దు, ఆఖర్న ఒక్కసారి చూడు. మింట్‌లో వాడుకునే డీడీరెస్క్యూ అని సాఫ్ట్‌వేర్ ఉంటాది, చదవగలిగినవన్నీ ముందు లాగి, చెడ్డ చోట్లకు తర్వాత వస్తాది, కావాలంటే కమాండ్ పంపిస్తా. డిస్క్ ఎవరికీ ఇయ్యొద్దు, డిలీట్ చేసినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పాసుపుస్తకాలు, ఆధార్ అన్నీ బయటికొస్తాయి. ఫోటోలన్నీ రెండు చోట్ల తెరిచి చూసుకునేదాకా ఇంట్లోనే పెట్టు, ఆ తర్వాత స్క్రూలు ఇప్పి లోపల ప్లేట్ల మీద డ్రిల్లుతో బొక్కలేసి పారేయ్.