సమస్యాపూరణం: బూడిదను జూచి మెచ్చిరి బుధజనమ్ము

నిర్వాహకుడు: పాదం పైనున్నదే. ఖరీదైన, బాగా ఘాటైన చుట్టను పరీక్షించే సందర్భానికే పూరించాలి. విభూతి మహిమ, మన్మథ దహనం దయచేసి వద్దు. శివరాత్రికే ఆ నిల్వంతా వచ్చి పడింది.

కోటిపల్లి కవి:
చుట్ట గాల్చిన నంగుళ మట్టె నిలిచి
గాలి కొరగక తెల్లనై కానఁబడఁగ
ఆకు చుట్టిన చేతుల నరసి మురిసి
బూడిదను జూచి మెచ్చిరి బుధజనమ్ము

ముక్తేశ్వరం మాస్టారు: అవతలి రేవు వారు బూడిద దగ్గరే ఆగిపోయారు. నోటి సంగతి నేను చెబుతాను.
పొగను మ్రింగక నోటనే రుచిని పట్టి
మిరియమును కోకొ మట్టియు మేళవింప
మూడు పాళ్ళకు మూడైన ముచ్చటెఱిఁగి
బూడిదను జూచి మెచ్చిరి బుధజనమ్ము

కోటిపల్లి కవి: మాస్టారూ, 'పొ'కు 'రు'తో యతి ఏ రేవు దాటించే పంటు మీద కుదిరింది? 'పొదువుకొనుచు' అంటే సరిపోయేది. పైగా కోకోకు తోక కోశారు. 'మిరియమును తోలు' అనరాదా?

ముక్తేశ్వరం మాస్టారు: తోలా? నోట్లో చెప్పు పెట్టుకోమంటారా!

యానాం: చుట్టల రుచి చెప్పేవారు తోలు, మట్టి, మిరియం అనే అంటారండీ. అక్కడ అది మెప్పే.

అంతర్వేది అక్కయ్య: అసలు చిక్కు యతిలో లేదు. బూడిద విరగకుండా నిలవడం పొడవాటి ఆకును సమంగా చుట్టిన పనితనానికి గుర్తు, రుచికి కాదు. కవిగారి 'చేతుల నరసి' వల్లనే పాదం అతికింది. మాస్టారి బుధులేమో చుట్ట మొదలు, నడుమ, చివర అని మూడు పాళ్ళూ రుచి చూసి, తీరా బూడిదను మెచ్చారు! 'మ్రింగక' మాత్రం బాగుంది. చుట్ట పొగను గుండెల్లోకి పీల్చరు. కానీ ఘాటు ఎక్కడిదో చెప్పలేదు. మొక్క కొసన ఎండ తిన్న లిగెరో ఆకుది ఆ ఘాటు. నిదానంగా కాలుతుందని దాన్ని నడిమధ్య పెడతారు. ఒండ్రులో పండే లంక పొగాకు ఎరిగిన మాస్టారికి ఇది తట్టవలసింది.

ముక్తేశ్వరం మాస్టారు: తేటగీతిలో వ్యవసాయ శాఖ కరపత్రం పట్టదమ్మా.

కోటిపల్లి కవి: మరి మొన్నటి పూరణలో నడివేసవిలో గోదావరికి పులసను ఎక్కించినప్పుడు ఏ శాఖను అడిగారు?

యానాం: వరదకు ఎదురీదే చేపకు వైశాఖంలోనే పులుసు పెట్టారు. నాకూ గుర్తుంది.

ముక్తేశ్వరం మాస్టారు: అది నాయిక కల. కలలో వరద ఎప్పుడైనా వస్తుంది.

అంతర్వేది అక్కయ్య: ఆ కల ఏ పాదంలో ఉంది మాస్టారూ?

నిర్వాహకుడు: పులస తగవు పులస దగ్గరే తేల్చుకోండి. ఇక్కడ ఆదివారం రాత్రి వరకు గడువు. కోకో దీర్ఘం చెడకుండా గణం కుదిర్చిన పూరణకు మొదటి చోటు.