హమమత్సులో ఏడు వార్డులు మూడయ్యాయి: జనానికి మేలు జరిగిందా?

నదిగట్టు:
జపాన్‌లో మన రాష్ట్రం లాంటి షిజువోకా ప్రిఫెక్చర్‌లోని హమమత్సులో ఆరేళ్లుగా ఉంటున్నాను. సుజుకి ప్రధాన కార్యాలయం ఉన్న ఊరంటే మనవాళ్లకు తెలుస్తుంది. 2024 జనవరి 1న ఇక్కడి ఏడు వార్డులను మూడు చేశారు. నకా, హిగషి, నిషి, మినామి వార్డులు, కిటా వార్డులోని మికతహరా ప్రాంతం కలిసి చువో అయ్యాయి. మిగిలిన కిటా, హమకిటాతో కలిసి హమనా అయింది. కొండల్లోని తెన్‌ర్యూ జోలికి మాత్రం పోలేదు. నాకైతే ఇది తప్పే అనిపిస్తోంది. చువోలోనే సుమారు 6 లక్షల మంది ఉన్నారు. వార్డు ఆఫీసు జనానికి దగ్గరగా ఉండాలి కదా!

లెక్కలమనిషి:
నదిగట్టు గారూ, వార్డు అనగానే టోక్యో 23 వార్డుల్లాంటిది అనుకోకండి. అక్కడ వార్డుకో ఎన్నికైన మేయరు, కౌన్సిల్ ఉంటాయి. హమమత్సులో వార్డు అధిపతి నగర మేయరు నియమించిన ఉద్యోగి. వార్డుకు సొంత పన్నులూ లేవు, ఎన్నికైన కౌన్సిలూ లేదు. పాత ఆఫీసులు పరిపాలనా కేంద్రాలుగా తెరిచే ఉన్నాయి. జనాభా తగ్గుతున్న ఊరికి ఏడుగురు అధిపతులు, ఏడు సెట్ల విభాగాలు ఎందుకు? ఆ డబ్బు కౌంటర్లలో మనుషులకు పెట్టొచ్చు.

నదిగట్టు:
కౌంటర్ సంగతి ఒప్పుకుంటాను. మొన్న నివాస ధ్రువపత్రం కోసం వెళ్తే అదే హాలు, అవే కుర్చీలు, బయట బోర్డు ఒక్కటే మారింది. పది నిమిషాల్లో పనైపోయింది. కానీ మా వీధి కాలువ గురించి చెప్తే, "అది వార్డు ఆఫీసు చూడాలి, రాసి పంపిస్తాం" అన్నారు. నా టెన్షన్ అదే. కాగితం దగ్గరే దొరుకుతోంది, నిర్ణయం దూరమైపోయింది.

కొండదారి:
మీరిద్దరూ 2024 దగ్గరే ఆగిపోయారు. అసలు మార్పు 2005 జులై 1న జరిగింది. ఆ రోజు నగరాలు, పట్టణాలు, ఒక గ్రామం, మొత్తం 12 కలిసి ఇప్పటి హమమత్సు అయ్యాయి. ఇప్పుడు తెన్‌ర్యూలో ఉన్న సకుమా, మిసకుబో, హరునో పట్టణాలకు, తత్సుయామా గ్రామానికి అప్పటిదాకా సొంత మేయరు, సొంత కౌన్సిల్ ఉండేవి. దేశమంతా అదే ఊపు: 1999లో 3,232 స్థానిక సంస్థలుంటే 2010 మార్చికి 1,727 మిగిలాయి. అప్పట్లో కలిస్తే ప్రత్యేక బాండ్ల మీద అప్పు తెచ్చుకునే వీలుండేది, వాటి చెల్లింపులో 70 శాతం కేంద్రం భరించేది. కలవకపోతే కేంద్రం నిధులు తగ్గుతాయన్న భయం. చిన్న ఊళ్లు ఏం చేస్తాయి?

విలీనమప్పుడు పాత ఊళ్లకు సలహా మండళ్లు ఇచ్చారు. కొన్నేళ్లకే వాటినీ తీసేశారు. ఇవాళ తెన్‌ర్యూ 944 చదరపు కిలోమీటర్లు, నగర విస్తీర్ణంలో అరవై శాతం. జనం ముప్పై వేలు కూడా లేరు. కౌన్సిల్ సీట్లు జనాభాను బట్టే ఇస్తారు కాబట్టి కొండల తరఫున మాట్లాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

పోయినేడాది మిసకుబో వెళ్లాను. నది పక్కనే మలుపులు, పక్కన ఏటవాలులో తేయాకు పొదలు. వార్డు ఆఫీసున్న ఫుతమతా నుంచి కారులో గంట పైనే పట్టింది. తేయాకు తుంచుతున్న ఒక పెద్దావిడ, "ఇదివరకు మేయరు మా వీధిలోంచే నడిచి వెళ్లేవాడు, ఆపి అడిగేదాన్ని" అంది.

లెక్కలమనిషి:
కొండదారి అన్నా, ఆవిడ బాధ నిజమే. కానీ విడిగా ఉంటే ఆ రోడ్డు మరమ్మతుకు మిసకుబో డబ్బు ఎక్కడి నుంచి తెచ్చేది?

కొండదారి:
ఫుకుషిమా ప్రిఫెక్చర్‌లో యమత్సురి అనే చిన్న పట్టణం 2001 అక్టోబరులోనే "మేం ఎవరితోనూ కలవం" అని తీర్మానం చేసింది. టౌన్ ఆఫీసు సెలవు రోజుల్లోనూ తెరిచారు, ఉద్యోగుల ఇళ్లనే శాఖా ఆఫీసులు చేశారు, 2008లో కౌన్సిల్ సభ్యులకు నెల జీతం మాని రోజుకు 30,000 యెన్‌ల భత్యం పెట్టారు. కష్టమే తమ్ముడూ, కానీ ఎక్కడ కోత పెట్టాలో ఆ ఊరే తేల్చుకుంది.

నదిగట్టు:
నేను ఇంత వెనక్కి చూడలేదు. వార్డులు మళ్లీ ఏడు కావాలని ఇక అడగను. తెన్‌ర్యూకి ఆ సలహా మండళ్లయినా తిరిగి ఇవ్వమని అడుగుతాను.