అతుకు వేరు, మాసిక వేరు: పిట్టలదొర అంగి కుడుతుంటే తెలిసింది

అందరికీ నమస్కారం. రెండు మాటల గురించి అడగాలని రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు మా పాప బడిలో కార్యక్రమం పెట్టారు. పాపది నాలుగో తరగతి. పిట్టలదొర వేషం వెయ్యమని టీచర్ చెప్పారు. హనుమకొండలో వేషాల బట్టలు అద్దెకిచ్చే దుకాణానికి పోతే కృష్ణుడు, రాణి, పోలీసు, డాక్టరు అందరూ ఉన్నారు గానీ పిట్టలదొర లేడు. ఇంటికొచ్చి టెన్షన్ పడుతుంటే మా అత్తమ్మ అన్నది: "పిట్టలదొర బట్టలు దుకాణంల ఎందుకుంటయి? అవి ఇంట్ల ఉంటయి."

మిగతా జిల్లాల వాళ్ల కోసం ఒక మాట. పిట్టలదొర ఊరూరు తిరిగి నవ్వించే వేషగాడు. ఖాకీ అంగి, ఖాకీ ప్యాంటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలగలిపి గొప్పలు చెప్తాడు, అన్నీ కోతలే. తుపాకి రాముడు అనీ, లత్కోర్ సాబ్ అనీ కూడా అంటారు. నా చిన్నప్పుడు పరకాల దగ్గర మా అమ్మమ్మ ఊరికి వచ్చేవాడు. ఆయన వెనక ఊరి చివరిదాకా నడిచేవాళ్లం.

మా మామయ్య ఆర్టీసీ డ్రైవర్‌గా చేశారు. ఆయన పోయినా ఖాకీ అంగీలు రెండు పెట్టెలోనే ఉన్నాయి. అత్తమ్మ ఒకటి తీసి, పక్క కుట్లు బ్లేడుతో విప్పి, పాప కొలతకు లోపలికి తీసుకున్నది. ప్యాంటుకు బట్ట చాలలేదు. కాళ్ల దగ్గర నా పాత చుడీదారు ముక్క కలిపింది. భుజాల మీద దొరల పట్టీలకు చినిగిన పట్టుచీర జరీ అంచు. మెడల్స్ అంటే సోడా సీసా మూతలకు జాకెట్ ముక్కలు చుట్టినవి. టోపీ పాత జీన్స్ కాలుతో, తుపాకి విరిగిన బ్యాటు పిడితో. ఒక కాలికి ఎర్ర సాక్సు, ఇంకో కాలికి నల్లది. మొత్తం మీద కొన్నది ఒక దారపు ఉండ.

మోచేతి దగ్గర అంగి నిజంగానే చినిగి ఉన్నది. దాని మీద చిలకపచ్చ ముక్క పెట్టి కుడుతున్నది అత్తమ్మ. ముక్క అంచు గోటితో లోపలికి మడిచి, దారాన్ని కొవ్వొత్తికి రెండుసార్లు రుద్ది, బియ్యపు గింజంత కుట్లు. పక్కన కూర్చున్న నేను, "అత్తమ్మా, ఈ అతుకు బాగా కనబడుతుంది" అన్నాను. సూది ఆపి నా దిక్కు చూసింది.

"అది అతుకు కాదు బిడ్డా, మాసిక. చినిగిన కాడ ఏసేది మాసిక. చాలని కాడ పెట్టేది అతుకు."

అప్పుడు మళ్లీ అంగి, ప్యాంటు రెండూ చూసుకున్నాను. మోచేతి మీద ఉన్నది మాసిక: కింద చిరుగు ఉన్నది, పైన బట్ట కప్పింది. ప్యాంటు కాళ్లకు పెట్టింది అతుకు: చిరుగేమీ లేదు, అంచుకు అంచు కలిపి పొడుగు పెంచింది. ఇన్నేళ్లు రెంటినీ ఒకటే అనుకున్నాను. మాసిక అన్న మాట నేను నోటితో అని ఎన్నేళ్లయిందో. మేం ఇప్పుడు "ప్యాచ్" అంటున్నాం, అన్నిటికీ అదే.

అప్పటి నుంచి అతుకు మాట మనసులోంచి పోవడం లేదు. "చెప్పు కాలికి అతికినట్టు సరిపోయింది" అంటే మెచ్చుకోలు. "నువ్వు చెప్పేది అతకడం లేదు" అంటే తప్పు అతకకపోవడంలో ఉన్నది. క్రియగా ఉన్నప్పుడు ఇంత గౌరవం ఉన్న మాట, నామవాచకం కాగానే తిట్టయిపోయింది. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పేపర్లో "అతుకుల బొంత". పార్టీ విడిపోతే "చీలికలు పేలికలు". ఇవన్నీ ఇంట్లో బట్ట దగ్గర పుట్టిన మాటలే. బొంత కప్పుకుని పెరిగినవాళ్లు ఆ మాటను తిట్టుగా వాడుతుంటే నాకు బాధనిపిస్తుంది. అతుకుల బొంత అంత గట్టిగా, అంత వెచ్చగా ఉండేది ఇంట్లో ఇంకోటి ఉండేదా?

నా ప్రశ్న ఇది. మీ దిక్కు మాసిక, అతుకు వేరువేరుగా అంటారా? ఇంకేమైనా మాటలున్నాయా? వేషం ఫోటో కింద పెట్టాను.

జవాబు, జమ్మికుంట నుంచి:
మీ అత్తమ్మ గారికి దండం అక్కా. మా అమ్మ కూడా మాసిక అనే అంటది. "మాసిక ఏసుకుని కట్టుకున్నా మాట పడలే" అని ఇప్పటికీ అంటుంటది. బొంత గురించి ఒకటి చెప్తాను. బొంతకు నూలు చీరలే పనికొస్తయి. నాలుగైదు పొరలు పరిచి, అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు కుట్టుకుంటూ. పాలిస్టర్ చీర వేస్తే పొర జారి ముద్దయితది. ఈ కాలపు చీరలతో బొంత కుట్టలేమని మా అమ్మ బాధ. మాట పోయేది కూడా ఇట్లనే కావచ్చు: కుట్టుడు ఆగింది, మాట ఆగింది.

జవాబు, గుంటూరు నుంచి:
మాసిక మా వైపు కూడా ఉందండి. "మాసికలు పడిన పంచె" అని మా తాతగారు అనేవారు. అయితే మీ అత్తగారు చెప్పినంత స్పష్టంగా తేడా చెప్పినవారిని నేను వినలేదు. మా ఇంట్లో చినిగిన చోట వేసినదాన్ని కూడా అతుకు అనేవాళ్లం. ఒక సందేహం: లత్కోర్ అని రాయాలా, లత్ఖోర్ అనా? అసలు అర్థం ఏమిటి?

జవాబు, కరీంనగర్ నుంచి, సంస్కృతం చెప్పే మాస్టారు:
అమ్మా, బొంతకు సంస్కృతంలో కంథ అంటారు. బెంగాలీల కాంథా కుట్టు ఈ మాటే, అక్కడా పాత చీరల పొరలే. భజగోవిందంలో "రథ్యాచర్పట విరచిత కంథః" అని ఉంది. రథ్య అంటే వీధి, చర్పటం అంటే పేలిక. వీధిలో దొరికిన పేలికలతో కుట్టుకున్న బొంత కప్పుకున్నవాడని యోగిని పొగిడే చోట వస్తుంది. మీ ఆవేదనకు ఇది తోడుగా ఉంటుందని రాశాను. ఇంకొకటి, ఫోటోలో పాప ఛాతీ మీద ఒక నల్లటి చదరం కనిపిస్తోంది. అది మాసికా, అతుకా?

నా జవాబు:
ముందు గుంటూరు వారికి. లాత్ అంటే తన్ను, ఖోర్ అంటే తినేవాడు. మనం "తన్నులు తింటావు" అన్నట్టే. తన్నులు తినీ తినీ అలవాటైపోయినవాడు లత్‌ఖోర్. లాత్ హిందీ, ఖోర్ ఫారసీ, సాబ్ అరబ్బీ సాహిబ్ నుంచి వచ్చింది. వేసుకున్న ఖాకీ కూడా ఫారసీ మాటే, ఖాక్ అంటే మట్టి. ఆయన అంగీకి ఎన్ని అతుకులో పేరుకూ అన్ని అతుకులు. రాయడం మాత్రం నేను లత్కోర్ అనే రాస్తాను. ఇక్కడ జనం నోట్లో ఒత్తు పోయింది. కాళోజీ బడి పలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలన్నారు కదా, ఆయన పుట్టినరోజు కోసం కుట్టిన వేషానికి ఒత్తు వెతకబుద్ధి కాలేదు.

జమ్మికుంట చెల్లికి: "కుట్టుడు ఆగింది, మాట ఆగింది" అన్నది నిజం. కానీ మొన్న బడిలో టీచర్ పాప మోచెయ్యి చూసి "ప్యాచ్ బాగుంది" అంటే, ఇది "టీచర్, ఇది మాసిక. బాపమ్మ వేసింది" అన్నదట. ఇంటికొచ్చి అందరికంటే ముందు బాపమ్మకే చెప్పింది.

మాస్టారు గారూ, ఆ శ్లోకం అత్తమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చెప్పించుకున్నది. ఇక ఆ చదరం మాసికా కాదు, అతుకూ కాదండి. పెద్ద అంగిని కురచ చేస్తే జేబు పాప బొడ్డు దాకా దిగింది. విప్పి పైకి జరిపి కుడదామని అత్తమ్మ కుట్లు తీసింది. జేబు కింద బట్ట ఇన్నేళ్లూ ఎండ తగలక కొత్త ఖాకీ రంగులోనే ఉన్నది, చుట్టూ అంగి అంతా వెలిసిపోయింది. కొట్టొచ్చినట్టు కనబడుతుందని నేను దాని మీద ఎర్ర ముక్క పెట్టబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "అక్కడ చినగలే గద బిడ్డా, మాసిక ఎందుకు?" అని, జేబును పక్కన పెట్టేసి, ఆ చదరం మీద అరచేత్తో రెండుసార్లు నిమిరి, మళ్లీ మోచేతి కుట్టు అందుకున్నది.